స్లో నిలవని పాత కారు: సెన్సారు సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మాలి?

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర సాయంత్రపు రద్దీలో ఆగిన ప్రతిసారీ నా పాత పెట్రోలు కారు ఇంజను స్లోలో, అంటే యాక్సిలరేటరు తొక్కకుండా తిరిగేటప్పుడు, ఊగిసలాడేది. ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు (ఆర్‌పీఎం) తిరుగుతోందో చూపే టాకోమీటరు ముల్లు 900 నుంచి 1,700 దాకా లేచి, అక్కడి నుంచి దబ్బున పడి, ఇక ఆగిపోతుందేమో అనుకునేలోగా మళ్లీ లేచేది. ఏసీ వేసి ఉన్నప్పుడు, రేడియేటరు ఫ్యాను తిరగడం మొదలైనప్పుడు ఒక్కొక్కసారి నిజంగానే ఆగిపోయేది. అదే కారు శ్రీకాకుళం నుంచి రణస్థలం, నాతవలస మీదుగా వచ్చేటప్పుడు దారి పొడుగునా చిన్న కుదుపు కూడా చూపించేది కాదు. 2008లో ఏపీ 30 నంబరుతో రిజిస్టరై, కళింగపట్నం దగ్గర సముద్రపు గాలిలో చాలా ఏళ్లు గడిపి, సెకండ్ హ్యాండులో నా చేతికి వచ్చిన బండి అది. డ్యాష్‌బోర్డులో ఇంజను బొమ్మతో వెలిగే పసుపు లైటు చూసి, మొదటి షెడ్డువారు కారు కంప్యూటరును చదివే స్కానరు పెట్టి, "ఆక్సిజన్ సెన్సారు పోయింది మాస్టారూ, మార్చేద్దాం" అన్నారు. మార్చాక పది రోజులు లైటు వెలగలేదు కానీ ఊగిసలాట తగ్గలేదు. రెండో షెడ్డులో ఇంజను నీటి వేడిని చెప్పే కూలెంట్ సెన్సారు మార్చారు. అప్పటికి ఐదు వేల రూపాయలు దాటాయి, ముల్లు మాత్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంది.

"సెన్సారు పోయింది" అన్న మాట మన షెడ్లలో మూడు వేరువేరు సంగతులకు ఒకే పేరుగా చెలామణి అవుతోంది. సెన్సారు నిజంగానే చెడిపోవడం ఒకటి. సెన్సారు బాగానే ఉండి, దాని నుంచి కంప్యూటరుకు వెళ్లే వైరో, దాన్ని తగిలించే కప్లరో, ఎర్తో పాడవడం రెండోది. సెన్సారూ వైరూ రెండూ బాగానే ఉండి, ఇంజనులో మరెక్కడో ఉన్న లోపాన్ని ఉన్నదున్నట్టు చెబుతూ ఉండడం మూడోది. స్కానరులో కనిపించే కోడు ఈ మూడింటిలో ఏది జరిగిందో చెప్పదు. ఫలానా సెన్సారు నుంచి వచ్చిన విలువ ఉండవలసిన హద్దులో లేదని మాత్రమే చెబుతుంది. దొంగను చూశానని కేక వేసినవాడినే స్టేషనుకు తీసుకుపోతే ఎలా ఉంటుందో, మూడో సందర్భంలో సెన్సారు మార్చడం అలా ఉంటుంది. నా అనుభవంలోనూ, తెలిసినవారి కార్లలో చూసినంతలోనూ, పదిహేనేళ్లు దాటిన బండ్లలో రెండోదీ మూడోదీ ఎక్కువ, మొదటిది తక్కువ.

ఇబ్బంది స్లోలోనే ఎందుకు కనిపిస్తుందన్నది ముందు అర్థం చేసుకోవాలి. సుమారు 1,100 సీసీ ఇంజను వేడెక్కాక 850 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా తిరగడానికి సెకనుకు దాదాపు రెండు గ్రాముల గాలి చాలు. అదే ఇంజను రహదారి మీద 3,000 ఆర్‌పీఎం దగ్గర బరువు లాగుతున్నప్పుడు పదిహేను గ్రాములకు పైగా పీల్చుకుంటుంది. పగిలిన రబ్బరు పైపు గుండా అర గ్రాము దొంగగాలి లోపలికి పోతోందనుకుంటే, స్లోలో అది మొత్తం గాలిలో నాలుగో వంతు. రహదారి మీద నూటికి నాలుగు పాళ్లు కూడా కాదు. పైగా యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఇంజనులోకి గాలిని చేర్చే గొట్టం, అంటే మానిఫోల్డు, లోపలి శూన్యత తగ్గిపోతుంది కాబట్టి ఆ అర గ్రాము కూడా పూర్తిగా పోదు. వంశధార కాలువ నిండుగా పారుతున్నప్పుడు గట్టుకు పడిన చిన్న గండిని ఎవరూ పట్టించుకోరు. శివారు మడికి ఆఖరి తడి అందాల్సిన రోజున అదే గండి కొట్లాట పెడుతుంది. కారుకు స్లో అలాంటి శివారు మడి. అందువల్ల రహదారి మీద బాగా పరిగెత్తే కారు కూడలిలో ఆగిపోతే, ఇంజను బలం గురించి కంగారు పడేకన్నా గాలి లెక్క గురించి ఆలోచించడం సరైన మొదలు.

ఈ గాలి లెక్క మనిషి చేతిలో నుంచి కంప్యూటరు చేతిలోకి వెళ్లి పాతికేళ్లు దాటింది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 గాలీ పెట్రోలూ కలిపే కార్బ్యురేటరుతో వచ్చింది. 1998లో హ్యుందాయ్ శాంత్రో, కంప్యూటరు చెప్పినంత పెట్రోలును ప్రతి సిలిండరుకూ ఒక ఇంజెక్టరు చిమ్మే ఎంపీఎఫ్‌ఐ ఇంజనుతో వచ్చింది, 2000 సంవత్సరం నుంచి కాలుష్య నిబంధనలు బిగుసుకున్నకొద్దీ మిగిలిన పెట్రోలు కార్లూ ఆ దారి పట్టాయి. కార్బ్యురేటరుకు స్లో స్క్రూ ఉండేది. మెకానిక్కు చెవి పెట్టి విని, స్క్రూడ్రైవరుతో అర చుట్టు తిప్పి, ఇంజనును దారికి తెచ్చేవాడు. ఆ విద్య గొప్పదే. చిక్కేమిటంటే, ఆ అలవాటు ఎంపీఎఫ్‌ఐ కాలంలోకి కూడా వచ్చింది. ఎంపీఎఫ్‌ఐ త్రాటిల్ బాడీ మీద స్లో స్క్రూలా కనిపించేది నిజానికి గాలి దారిని తెరిచి మూసే బటర్‌ఫ్లై పలక ఎంతవరకు మూసుకోవాలో నిర్ణయించే హద్దు స్క్రూ. అది ఫ్యాక్టరీలో పెట్టిన కొలత. స్లో పడిపోతోందని దాన్ని తిప్పితే ఆ రోజుకు ఇంజను నిలబడుతుంది. అయితే పలక కొద్దిగా తెరిచి ఉండడం వల్ల పలక ఎంత తెరిచి ఉందో చెప్పే త్రాటిల్ పొజిషన్ సెన్సారు వోల్టేజీ పెరిగి, డ్రైవరు యాక్సిలరేటరు మీద కాలు పెట్టే ఉన్నాడని కంప్యూటరు అనుకుంటుంది. కాలు పెట్టి ఉన్నాడు కాబట్టి స్లోను సరిచేసే పని తనది కాదని మానుకుంటుంది. చాలా కార్లలో పలక మూసి ఉన్నప్పుడు ఈ సెన్సారు సుమారు అర వోల్టు, పూర్తిగా తెరిచినప్పుడు నాలుగున్నర వోల్టులకు అటూ ఇటూ ఇస్తుంది. మూసి ఉన్నప్పుడు వోల్టేజీ పెరిగి కనిపిస్తే సెన్సారును అనుమానించే ముందు ఆ స్క్రూ తలమీద స్క్రూడ్రైవరు గీతలున్నాయేమో చూడడం మంచిది.

ఇంజను కంప్యూటరు, అంటే ఈసీఎం, పెట్రోలు ఎంత పోయాలో తేల్చుకునే పద్ధతి చిన్న కార్లలో చాలావరకు ఒక్కటే. ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో క్రాంకు సెన్సారు, మానిఫోల్డులో గాలి ఒత్తిడి ఎంతో మ్యాప్ సెన్సారు, ఆ గాలి ఎంత వేడిగా ఉందో మరో చిన్న సెన్సారు చెబుతాయి. ఈ మూడింటి నుంచి లోపలికి వెళ్లిన గాలిని లెక్కగట్టి, అసలైన పెట్రోలుకు 14.7 పాళ్ల గాలికి ఒక పాలు ఇంధనం చొప్పున ఇంజెక్టరును ఎన్ని మిల్లీసెకన్లు తెరవాలో నిర్ణయిస్తుంది. ఇంజను చల్లగా ఉంటే, కూలెంట్ సెన్సారు మాట విని, ఎక్కువ పెట్రోలు పోసి స్లోను పెంచుతుంది. మండిన తరువాత పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో సైలెన్సరు గొట్టంలోని ఆక్సిజన్ సెన్సారు చెబితే, లెక్కలోని తప్పును దిద్దుకుంటుంది. స్లోను నిలబెట్టడానికి పలకను తప్పించుకుని పోయే సన్నని దారిలో ఒక వాల్వు ఉంటుంది. దాన్ని అవసరాన్ని బట్టి తెరుస్తూ మూస్తూ ఉంటుంది. ఏసీ వేసినప్పుడు ఇంజను ఆగకుండా కాపాడేది ఆ వాల్వే.

ఇప్పుడు ముల్లు ఎందుకు ఊగుతుందో చూద్దాం. మెకానిక్కులు దీన్ని హంటింగ్ అంటారు, ఆ మాట దీనికి బాగా అతికింది. మ్యాప్ సెన్సారు ఉన్న కారులో బ్రేకుకు బలమిచ్చే బూస్టరు పైపో, ఇంజను లోపలి ఆవిర్లను మళ్లీ మానిఫోల్డుకు పంపే పీసీవీ వాల్వు పైపో, మానిఫోల్డు ప్యాకింగో చీలి దొంగగాలి లోపలికి వస్తే మానిఫోల్డు ఒత్తిడి పెరుగుతుంది. వేడెక్కిన మంచి ఇంజను స్లోలో ఆ ఒత్తిడి 30 నుంచి 40 కిలోపాస్కల్ మధ్య ఉండడం మామూలు. అది 50 చూపిస్తే, ఎక్కువ గాలి వచ్చిందని కంప్యూటరు నిజాయితీగానే ఎక్కువ పెట్రోలు పోస్తుంది. గాలీ పెట్రోలూ రెండూ పెరిగాయి కాబట్టి ఆర్‌పీఎం లేస్తుంది. దించడానికి స్లో వాల్వును మూస్తుంది, పూర్తిగా మూసినా దొంగగాలి దాని అదుపులో లేదు. ఈలోగా ఆర్‌పీఎం ఒక హద్దు దాటుతుంది. పలక మూసి ఉంది, ఇంజను మాత్రం వేగంగా తిరుగుతోంది. కంప్యూటరు దృష్టిలో ఇది డ్రైవరు కాలు తీసి వాలులో దిగుతున్న సందర్భం. అలాంటప్పుడు పెట్రోలు వృథా కాకుండా ఇంజెక్టర్లను పూర్తిగా ఆపేయమని దానికి నేర్పారు. ఆపుతుంది, ముల్లు పడుతుంది. కింది హద్దుకు రాగానే మళ్లీ పోస్తుంది, ముల్లు లేస్తుంది. సెన్సార్లన్నీ నిజమే చెబుతున్నాయి, కంప్యూటరు తనకు నేర్పినదే చేస్తోంది, అయినా కారు మూర్ఛ వచ్చినట్టు ఊగుతోంది.

ఇదే చీలిక గాలి ప్రవాహాన్ని నేరుగా కొలిచే మాఫ్ సెన్సారు ఉన్న కారులో పడితే లక్షణం మారిపోతుంది. ఆ గాలి సెన్సారు దాటాక లోపలికి వస్తుంది కాబట్టి లెక్కలోకే రాదు. పెట్రోలు చాలక ఇంజను వణుకుతుంది, పడిపోతుంది. అందుకే ఎవరో తమ కారుకు చెప్పిన వైద్యాన్ని మన కారుకు వర్తింపజేసుకునే ముందు, మనది మ్యాపా మాఫా అన్నది తెలుసుకోవాలి.

నా కారు రహదారి మీద వచ్చినంతసేపూ బుద్ధిగా ఉండి, ఊళ్లో ఐదు నిమిషాలు నిలబడ్డాకే ఎందుకు ఊగేదన్నది చాలా రోజులు అంతు చిక్కలేదు. దానికి జవాబు మన ప్రాంతపు ఒక అలవాటులో దొరికింది. ఎండాకాలంలో ఇంజను వేడెక్కుతోందని ఫిర్యాదు చేస్తే, రేడియేటరు మూసుకుపోయిందా, ఫ్యాను సరిగా తిరుగుతోందా అని చూడకుండా థర్మోస్టాట్ వాల్వును పీకి పారేయడం చాలామంది చేసే పని. "మన ఎండలకి అది అక్కర్లేదండీ" అనే మాట కూడా వినే ఉంటారు. థర్మోస్టాట్ సాధారణంగా 80 డిగ్రీలు దాటాక తెరుచుకుంటుంది. అంతవరకు నీటిని రేడియేటరుకు పోనివ్వకుండా ఇంజనును త్వరగా వేడి చేస్తుంది. అది లేకపోతే రహదారి మీద ఎదురుగాలికి నీరు 60 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. కంప్యూటరుకు అది ఇంకా చల్లని ఇంజనే. ఎక్కువ పెట్రోలు పోస్తూనే ఉంటుంది, మైలేజీ పడిపోతుంది, కాలని పెట్రోలు ఇంజను ఆయిల్లో కలుస్తుంది. ఇంజెక్టర్లను ఆపే హద్దు చల్లని ఇంజనుకు ఎక్కువగా పెట్టి ఉంటుంది కాబట్టి, దొంగగాలి ఉన్నా ముల్లు ఎత్తున నిలబడుతుందే తప్ప ఊగదు. ఊళ్లో కూడలిలో ఎదురుగాలి ఆగి, నీరు 85కు చేరగానే హద్దు కిందికి దిగుతుంది, ఊగడం మొదలవుతుంది. రెండు తప్పులు కలిసి ఒకదాన్నొకటి దాచిపెట్టాయి. ఒక్కొక్క తప్పునే వెతికే మెకానిక్కుకు ఇలాంటి కారు దొరకడం అతని దురదృష్టం, బండి యజమానిది కూడా.

కూలెంట్ సెన్సారును పరీక్షించడానికి పెద్ద సాధనాలేవీ అవసరం లేదు. అది వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గే చిన్న ముక్క. చాలా కార్లలో మామూలు గది వేడిలో రెండు వేల ఓములకు కాస్త అటూ ఇటూ, 80 డిగ్రీల నీళ్లలో 300 ఓముల చుట్టుపక్కల చూపుతుంది. మల్టీమీటరు, వేడినీళ్ల గిన్నె, థర్మామీటరు ఉంటే చాలు. స్కానరు ఉంటే దీనికన్నా తేలికైన పరీక్ష ఉంది. రాత్రంతా ఆగి ఉన్న కారును ఉదయం స్టార్టు చేయకుండా కీ మాత్రం తిప్పి చూస్తే కూలెంట్ వేడి, లోపలికి పోయే గాలి వేడి, బయటి వేడి మూడూ దాదాపు ఒక్కటిగా ఉండాలి. జనవరిలో 20 దగ్గర ఉండాల్సిన చోట ఒకటి 20, మరొకటి 45 చూపితే అబద్ధం ఎక్కడుందో దొరికినట్టే. తరువాత కప్లరు పీకితే స్కానరు మైనస్ 40 చూపాలి, కప్లరు రెండు కాళ్లనూ వైరుముక్కతో కలిపితే విలువ 120 దాటాలి. ఈ రెండూ జరిగితే వైరింగు, కంప్యూటరు బాగున్నట్టు, తప్పుంటే సెన్సారుదే. జరగకపోతే ఎన్ని కొత్త సెన్సార్లు పెట్టినా ఉపయోగం లేదు. కూలెంటుకు బదులు బోరు నీళ్లు పోసే అలవాటున్న కార్లలో సెన్సారు కొన మీద తుప్పూ ఉప్పూ పెచ్చుగట్టి, విలువ ఆలస్యంగా మారడం కూడా చూశాను. దానికి కడగడం చాలు.

అన్నిటికన్నా ఎక్కువ అపనింద మోసేది ఆక్సిజన్ సెన్సారు. అది దాదాపు 300 డిగ్రీలు వేడెక్కాక పనిచేయడం మొదలుపెట్టి, పొగలో ఆక్సిజన్ మిగిలి ఉంటే 0.1 వోల్టు దగ్గర, మిగలకపోతే 0.9 వోల్టు దగ్గర ఉంటుంది. బాగా నడుస్తున్న ఇంజనులో 0.45కు ఇటూ అటూ ఆగకుండా ఊగుతూ ఉండాలి. అది పెట్రోలును కొలవదు, ఆక్సిజనును మాత్రమే కొలుస్తుందన్నది గుర్తుంచుకోవాలి. ఒక ప్లగ్గు వెలగకపోతే ఆ సిలిండరులోని పెట్రోలూ ఆక్సిజనూ రెండూ మండకుండానే బయటికి పోతాయి. పెట్రోలు వాసన మన ముక్కుకు తెలుస్తుంది కానీ సెన్సారుకు ఆక్సిజన్ మాత్రమే తెలుస్తుంది. పెట్రోలు చాలడం లేదని చెబుతుంది. కంప్యూటరు ఇంకా ఎక్కువ పోస్తుంది, మిగిలిన ప్లగ్గులు కూడా నల్లబడతాయి. సెన్సారుకు ముందు సైలెన్సరు ప్యాకింగు లీకైనా బయటి గాలి లోపలికి పీల్చుకుని ఇదే కథ నడుస్తుంది. పీ0171 అన్న కోడు వచ్చినప్పుడు, అంటే మిశ్రమం పలచబడి గాలికి తగినంత ఇంధనం లేదన్నప్పుడు, ప్లగ్గులు, కాయిలు, పైపులు, పెట్రోలు ఫిల్టరు చూడకుండా సెన్సారు మార్చడం డబ్బు తగలేసుకోవడమే.

ఇందులోకి ఈ మధ్య కొత్త చిక్కు వచ్చి చేరింది. దేశంలో పెట్రోలులో ఇథనాలు వాటా 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. ఇథనాలులోనే ఆక్సిజన్ ఉంటుంది. ఒక పాలు ఇథనాలు పూర్తిగా మండడానికి తొమ్మిది పాళ్ల గాలి చాలు. లెక్క కడితే 20 శాతం కలిసిన పెట్రోలుకు 14.7 బదులు సుమారు 13.6 పాళ్ల గాలి సరిపోతుంది. ఇథనాలు కలవని పెట్రోలుకు రాసిన లెక్కతో నడిచే పాత కారులో ఇంజను ఆ మేరకు పలచగా మండుతుంది కాబట్టి, కంప్యూటరు తన దిద్దుబాటును ఏడెనిమిది శాతం పెంచుకోవలసి వస్తుంది. దీన్ని స్కానరులో ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. అటూ ఇటూ పది శాతం లోపల ఉంటే పర్వాలేదన్నది పాత లెక్క. ఇప్పుడు ఇథనాలే అందులో ఎక్కువ భాగం తినేస్తోంది కాబట్టి, ఇదివరకు ఆ దిద్దుబాటు చాటున దాగిపోయిన చిన్న లీకు ఇప్పుడు లైటు వెలిగిస్తుంది. పాత కారు ఈ మధ్యే ఎందుకు మొరాయిస్తోందని అడిగేవారు దీన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. ట్రిమ్ చూసేటప్పుడు స్లోలో ఒకసారి, 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచి ఒకసారి చూడాలి. రెండు చోట్లా ఒకే మోతాదులో పెరిగి ఉంటే ఇంధనం వైపు చూడాలి; స్లోలో బాగా పెరిగి, రేసు ఇచ్చినప్పుడు తగ్గిపోతే దొంగగాలిని అనుమానించాలి. అయితే మ్యాప్ కార్లలో దొంగగాలి కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి ఈ రెండో గుర్తు అంత స్పష్టంగా కనిపించదు. అక్కడ స్లో వాల్వు దాదాపు పూర్తిగా మూసుకుని ఉండి కూడా ఆర్‌పీఎం దిగకపోవడమే పెద్ద సాక్ష్యం.

చీలికను పట్టుకోవడానికి కొందరు నడుస్తున్న ఇంజను మీద పెట్రోలు చల్లి చూస్తారు. అది ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. మూడడుగుల రబ్బరు గొట్టం ఒక కొన చెవి దగ్గర పెట్టుకుని రెండో కొనను పైపుల వెంట తిప్పితే బుస్సుమనే శబ్దం చోటు చెప్పేస్తుంది. ఒక్కొక్క పైపును శ్రావణంతో మెల్లగా నొక్కి పట్టినప్పుడు ఏ పైపు దగ్గర ముల్లు కుదుటపడితే చీలిక ఆ దారిలోనే ఉంటుంది. బ్రేకు తొక్కి వదిలినప్పుడు స్లో మారుతుంటే బూస్టరు వైపు చూడాలి.

వైర్ల విషయంలో తీరం వెంబడి బతికే కార్లది ప్రత్యేకమైన కథ. కళింగపట్నం, బారువ, భావనపాడు లాంటి చోట్ల ఉప్పుగాలికి కప్లరు లోపలి ఇత్తడి కాళ్లకు చిలుము పడుతుంది. అయిదు వోల్టుల సరఫరా మీద పనిచేసే సెన్సారుకు ఆ పచ్చని పొర చిన్న నిరోధంలా అడ్డుపడి, విలువను కొద్దిగా పక్కకు జరుపుతుంది. కోడు రాదు, స్లో మాత్రం చెడుతుంది. 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతంలో తిత్లీ తుఫాను తీరం దాటినప్పుడు నీటిలో నానిన బండ్లలో ఇలాంటి లోపాలు వెంటనే కాకుండా నెలల తరువాత బయటపడడం సహజం, ఎందుకంటే చిలుము నెమ్మదిగా పెరుగుతుంది. లోతట్టు ఊళ్లలో దీని స్థానాన్ని ఎలుక తీసుకుంటుంది. సంక్రాంతి రోజుల్లో కళ్లాల పక్కన నిలిపిన కారు బానెట్టు కింద వెచ్చగా చేరి, ఇంజెక్టరు వైర్ల తొడుగు కొరికేస్తుంది.

ఎర్తు గురించి మాత్రం కాస్త నిలబడి చెప్పాలి, ఎందుకంటే దాన్ని దాదాపు ఎవరూ కొలవరు. బ్యాటరీ నెగటివు నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజనుకు వెళ్లే అల్లిక పట్టీ తుప్పుపడితే స్టార్టరు తిరుగుతుంది, లైట్లు వెలుగుతాయి, అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ ఒంటి వైరు ఆక్సిజన్ సెన్సారుకు తిరుగు దారి ఇంజను లోహమే. ఎర్తులో 0.3 వోల్టు తేడా వచ్చినా, 0.45 దగ్గర తీర్పు చెప్పే సెన్సారు మాట పూర్తిగా తారుమారవుతుంది. రేడియేటరు ఫ్యాను లాంటి పెద్ద బరువు పడిన క్షణంలో ఆ తేడా ఇంకా పెరుగుతుంది. మల్టీమీటరును వోల్టుల మీద పెట్టి, ఒక కొన బ్యాటరీ నెగటివు మొన మీద, మరో కొన ఇంజను లోహం మీద ఆనించి, ఫ్యాను, హెడ్‌లైట్లు వేసి చూడాలి. 0.1 లోపల ఉంటే మంచిది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉండాలి. అది లేకుండా సెన్సార్ల జోలికి వెళ్లడం దండగ.

త్రాటిల్ బాడీ శుభ్రం చేయడం అందరికీ తెలిసినదే కాబట్టి దాని గురించి ఎక్కువ అక్కరలేదు. పలక అంచున, స్లో వాల్వు దారిలో నల్లటి కార్బన్ పేరుకుంటే స్లో పడిపోతుంది, కడిగితే లేస్తుంది. కడిగిన వెంటనే స్లో బాగా పెరిగిపోతే కంగారుపడి హద్దు స్క్రూ మీద చేయి వేయకూడదు. కార్బన్ ఉన్న రోజుల్లో వాల్వును ఎంత తెరవాలో కంప్యూటరు గుర్తుపెట్టుకుని ఉంటుంది, కొత్త పరిస్థితిని అది తిరిగి నేర్చుకోవాలి. కొన్ని కార్లకు బ్యాటరీ నెగటివు తీసి పెట్టి, తరువాత ఏసీ, లైట్లు లేకుండా ఇంజను వేడెక్కేదాకా స్లోలో వదిలితే సరిపోతుంది, కొన్నిటికి స్కానరుతో చేయాలి.

స్కానరు దగ్గర మరో తికమక ఉంది. ఏ కంపెనీ కారైనా ఒకే రకం సాకెట్టు ద్వారా స్కానరుతో మాట్లాడే ఓబీడీ పద్ధతి మన దేశంలో బీఎస్ 4 (కాలుష్య నిబంధనల నాలుగో దశ) కార్లకు 2010 ఏప్రిల్ నుంచి మొదలై, 2013 ఏప్రిల్ నుంచి రెండో దశకు చేరింది. బీఎస్ 4 మొదట హైదరాబాదుతో సహా 13 నగరాలకే పరిమితమై, దేశమంతటా 2017 ఏప్రిల్లో వచ్చింది. అందువల్ల 2011లో హైదరాబాదులో కొన్న కారు చవక బ్లూటూత్ స్కానరుకు జవాబిచ్చినా, అదే ఏడాది శ్రీకాకుళంలో కొన్నది ఇవ్వకపోవచ్చు. అంతకన్నా పాత బండికి కంపెనీ స్కానరో, అన్ని కంపెనీలవీ చదివే షెడ్డు స్కానరో కావాలి. ఏది దొరికినా కోడు ఒక్కటే రాసుకుని రాకుండా, అంకెలు కదులుతున్న లైవ్ డేటా చూపించమని అడగాలి. మ్యాప్ సెన్సారు నిజాయితీని అక్కడే తేల్చవచ్చు. ఇంజను ఆపి కీ మాత్రం తిప్పినప్పుడు అది బయటి వాతావరణపు ఒత్తిడినే చూపాలి. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో 100 కిలోపాస్కల్ దగ్గర, సాలూరు ఘాటు ఎక్కి కోరాపుట్ చేరితే 91 దగ్గర. మైదానంలో 100 చూపి, కొండ మీద కూడా కదలకుండా 100 దగ్గరే ఉంటే ఆ సెన్సారును మార్చవలసిందే.

నిజంగా చెడిపోయే సెన్సార్లు లేవని నా ఉద్దేశం కాదు. త్రాటిల్ పొజిషన్ సెన్సారు లోపలి పట్టీ అరిగి, పలక మెల్లగా తెరుస్తుంటే వోల్టేజీ మధ్యలో ఒక్కసారిగా ఎగిరిపడడం చూస్తాం. దాన్ని మార్చక తప్పదు. వేడెక్కాక ఇంజను ఆగిపోయి, అరగంట చల్లబడ్డాక ఏమీ ఎరగనట్టు స్టార్టయితే క్రాంకు సెన్సారు తీగచుట్టను అనుమానించాలి. లక్ష కిలోమీటర్లు దాటిన ఆక్సిజన్ సెన్సారు ఊగడం మందగించడం కూడా మామూలే. కానీ వీటిలో ప్రతిదానికీ కొలిచి చూడగలిగిన గుర్తు ఉంది. కొలవకుండా మార్చమన్న మెకానిక్కును, "ఎంత చూపిస్తోందండీ?" అని మర్యాదగా అడగడంలో తప్పులేదు.

నా కారును చివరికి బాగుచేసినాయన రాజాం రోడ్డులో చిన్న షెడ్డు నడుపుతారు. స్కానరును బయటికి తీసే ముందు ఆయన అడిగినవి మూడే ప్రశ్నలు: చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఫ్యాను తిరిగినప్పుడు తేడా ఉందా, బ్రేకు తొక్కితే ఏమవుతోంది. తరువాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, స్కానరు చూస్తూ చీపురుపల్లి వైపు పది కిలోమీటర్లు నడిపించారు. నీరు 61 దగ్గర ఆగిపోవడం చూసి, "వాల్వు పీకేశారు బాబూ" అన్నారు. ఎర్తు కొలిస్తే ఫ్యాను వేసినప్పుడు 0.4 చూపింది. బూస్టరు పైపు ఇంజను వైపు కొనలో, క్లిప్పు కింద, వంచితే తప్ప కనిపించని చీలిక. కొత్త థర్మోస్టాట్, రెండడుగుల పైపు, ఒక ఎర్తు పట్టీ, కూలెంటు, కూలీతో కలిపి అంతకుముందు సెన్సార్లకు పెట్టినదానిలో సగం కూడా కాలేదు. ఇప్పుడు కూడలిలో ఏసీ వేసి నిలబెట్టినా ముల్లు 850 దగ్గర నుంచి కదలదు. ట్రిమ్ ఆరు శాతం చూపుతోంది, ఆ దిద్దుబాటు ఇథనాలు వల్ల వచ్చినదే.

తీసేసిన పాత సెన్సార్లు రెండూ డ్యాష్‌బోర్డు అరలో ఉండిపోయాయి. ఒక ఆదివారం కూలెంట్ సెన్సారును వేడినీళ్ల గిన్నెలో ముంచి మల్టీమీటరు పెట్టి చూశాను. 80 డిగ్రీల దగ్గర 310 ఓములు.